తలకింత చొప్పున ఇలార్సుబిలు

2024. వానలు ఇంకా పట్టలేదు. యాంగూన్‌లో, తామ్వేలోని నా రాతిపలకల దుకాణంలో కూర్చుని నేనొక బేరం కుదుర్చుకున్నాను. ఇంటిపేర్లన్నవే లేని దేశంలో, స్పెయిన్ వాళ్ళ అరుదైన ఇంటిపేరు ఒకటి ఉన్న మనుషుల్ని వెతికిపెడతానన్నాను. రోజుకూలీ ఇస్తామంటే వద్దన్నాను. దొరికిన తలకి ఇంత అని మాట్లాడుకున్నాను. ఇంత దివ్యమైన బేరం మా వీధిలో ఇంకొకరు చేయగలరంటే నేనొప్పుకోను. మా నాన్నది చిమిండైంగ్ బజారులో పప్పుల కొట్టు. అటుపక్క గోనెసంచులు, ఇటుపక్క ఎండుచేపలు, వెనక కొబ్బరినూనె. నడక కంటే ముందు తూకం చూడటం నేర్చినవాణ్ణి. ఇంత నేర్పుగా మునగాలంటే ఆ మాత్రం పెంపకం ఉండాలి.

నా పనేమిటో చెప్పాలి. సమాధిరాళ్ళ మీద, ఇళ్ళ ముందు పలకల మీద, కంపెనీ బోర్డుల మీద పేర్లు చెక్కుతాను. ముందు కాగితం మీద అక్షరాలు పేర్చుకోవడాన్ని లేఅవుట్ అంటాం. దాన్ని రాయి మీద పెన్సిలుతో దించి, ఇంటివాళ్ళ చేత ఒక్కో అక్షరం మీద వేలు పెట్టించి చదివిస్తాం. అది ప్రూఫ్. ప్రూఫ్ చదివించకుండా ఉలి గానీ మిషను గానీ ముట్టుకోం. కాగితం మీది తప్పు రబ్బరుతో పోతుంది. రాతి మీది తప్పు కొత్త రాయి ఖరీదు.

బర్మా పేర్లతో మాకు సుఖం. తండ్రి ఊ బ టిన్, కొడుకు కో తూరా, కూతురు మ స్యూ. ఎవరి పేరు వాళ్ళది. ముందున్న ఊ, కో, మ, పెద్ద ఆడవాళ్ళకైతే డో, గారు, అన్న లాంటి మర్యాద మాటలే. ఒకరి పేరు చూసి వాళ్ళు ఎవరి బిడ్డో చెప్పలేం. ఇక మా తెలుగువాళ్ళకి గుర్తింపు కార్డులో బర్మా పేరు, ఇంట్లో అప్పల్రాజు అన్న నా పేరు లాంటిదొకటి. ఇంటిపేరుని పెళ్ళి సంబంధాలప్పుడు ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి దులుపుతాం, పెళ్ళయ్యాక మళ్ళీ అడుగున పెట్టేస్తాం.

అలాంటి ఊరికి ఇనెస్ వచ్చింది. యాభై దాటిన స్పెయిన్ మనిషి, లైబ్రరీలో ఉద్యోగం. ఎండకి ముఖం కందిపోయింది. కుర్చీలో కూర్చున్నా మోకాలు ఆడిస్తూనే ఉంటుంది. సమాధిరాళ్ళవాడైతే పేర్లు తెలుస్తాయని హోటల్ గుమాస్తా నా దగ్గరికి పంపాడట. ఆమె ఇంటిపేరు ఇలార్సుబి.

"అది పేరు కాదు, ఇల్లు, మిస్టర్ రాజు," అంది. మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఆమెదీ నాదీ చెరో రకం ఇంగ్లీషు. వాళ్ళ దేశం ఉత్తరాన, కొండల్లో, వంతెన పక్కన ఒక రాతి ఇల్లుండేదట. అందులో ఉన్నవాళ్ళందరికీ ఆ ఇంటి పేరే. ఇప్పుడక్కడ పునాదిరాళ్ళూ దురదగొండి మొక్కలూ తప్ప ఏమీ లేవు. పేరు మాత్రం మిగిలింది. ప్రపంచం మొత్తం మీద ఉన్న ఇలార్సుబిలని పోగుచేస్తే ఒక పెళ్ళి పందిట్లో పడతారట. సగం మంది అక్కడే రెండు లోయల్లో, కొందరు అర్జెంటీనాలో, గుప్పెడుమంది మనీలాలో.

"మనీలాలో అందరివీ స్పెయిన్ పేర్లే కదా," అన్నాను, తెలిసినట్టు.

"వాళ్ళలో చాలామందికి అప్పట్లో ఏలిన స్పెయిన్ సర్కారు ఒక పుస్తకంలోంచి పేర్లు పంచిపెట్టింది. మా పేరు ఆ పుస్తకంలో లేదు. అంటే మనీలాలో ఇలార్సుబి అన్నవాడు ఎవడున్నా, ఓడ మీద వెళ్ళిన ఒకే ఒక్క మావాడి సంతానం. ఆ సంతానంలో ఫెలిపె అని ఒక ఫిడేలు వాయిద్యగాడు. బ్యాండుతో పాటు రంగూన్ వచ్చాడు, తిరిగి వెళ్ళలేదు. ఆ తర్వాత మాకు తెలీదు."

ఆ పేరువాళ్ళంతా శరత్కాలంలో ఆ వంతెన దగ్గర కలుసుకుంటారట. మనం ఇప్పుడు ఎంతమందిమి అని లెక్క చెప్పే పని ఈమెది.

నేను లోపల లెక్క వేశాను. ఫిడేలాయనకి నలుగురు కొడుకులు వేసుకున్నాను. ఒక్కొక్కడికి మళ్ళీ నలుగురు. వాళ్ళ పిల్లలు. నా లెక్కలో ఇలార్సుబిలు బస్తాల్లోంచి పొంగిపోతున్నారు. రోజుకూలీ వద్దు, తలకింత అన్నాను. ఆమె వెంటనే చెయ్యి కలిపేసింది. అంత తొందరగా చెయ్యి కలిపేవాళ్ళని చూస్తే భయపడాలని మా నాన్న నేర్పలేదు. ఆయన బజారులో అంత తొందరగా ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కారు.

ఇక తిరుగుడు మొదలైంది. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరి కాలూ ఒకచోట నిలిచేది కాదు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలీదు. మిషను అక్షరం మధ్యలో ఆగిపోతే దాని పక్కన నిలబడి గోళ్ళు కొరకడం కంటే వీధి పట్టుకోవడమే నయం. పెట్రోలు వరసలో టాక్సీ కుర్రాళ్ళు ఇనెస్‌ని చూసి, మీ దేశంలో వంటవాళ్ళని తీసుకుంటారా, తాపీవాళ్ళనో, అని అడిగేవాళ్ళు. టీ కొట్టులో నేను ఇలార్సుబి అన్న పేరూ, తలకింత అన్న బేరమూ చెప్పగానే, పక్క బల్ల మీద ఒకతను కుర్చీ లాక్కొచ్చాడు.

"ఆ పేరు పలకడం నేర్పు అకో. రేపట్నుంచి నేనే. తలకిచ్చేదాంట్లో సగం నాకు. మా తమ్ముడు కూడా ఖాళీగానే ఉన్నాడు."

అకో అంటే అన్నయ్యా అని. ఆ మాట మీద నేను అర నిమిషం ఆలోచించాను. అబద్ధమెందుకు, టీ చల్లారేదాకా ఆలోచించాను. అతని ముఖంలో స్పెయిన్ ఎక్కడా దొరకలేదు గనక ఊరుకున్నాను.

చివరికి నా వృత్తే దారి చూపించింది. ఊరవతల క్రైస్తవుల సమాధుల తోట ఒకటుంది. పూర్వం ఊరి మధ్య ఉన్న సమాధుల్ని అక్కడికి తరలించారు. నేను రాళ్ళు దింపడానికి వెళుతుంటాను. కాపలా చూసే కో థెయిన్ కొత్తగా వచ్చినవాడు, నాకు చనువే. ఇద్దరం పాత వరసలన్నీ చీపురుతో తుడుచుకుంటూ పోయాం. రెయిన్‌ట్రీ నీడలో, పాచి పట్టిన పలక మీద, వి-కట్‌లో కనబడింది. వి-కట్ అంటే అక్షరం అడుగున లోతు కోసుగా వచ్చేట్టు ఉలితో చెక్కడం. ఇప్పుడు చేసేవాళ్ళు లేరు. ఫెలిపె ఇలార్సుబి. కింద బర్మా లిపిలో భార్య పేరు, డో మ్యా తిన్.

"ఎవరో ముసలావిడ కొవ్వొత్తి పెట్టి వెళ్ళేదట," అన్నాడు కో థెయిన్. "నేనొచ్చాక ఎవరూ రాలేదు. పైనుంచి ఒకటే గొడవ. అయినవాళ్ళు లేని చోట్లు ఖాళీ చేయించి కొత్తవాళ్ళకి ఇమ్మంటున్నారు. మీరు ఎలాగూ వెతుకుతున్నారుగా. వంశంలో ఎవరైనా ఉన్నారో లేదో కనుక్కుని చెప్పండి, అకో. మీ మాట మీద పోతాను."

మనీలా ఫిడేలాయన గురించి అడగాలంటే పాత బజారుకే వెళ్ళాలి. నేను పుట్టి పెరిగిన చిమిండైంగ్‌కి వెళ్ళాను. మూడో మనిషే తమలపాకుల బుట్ట వైపు వేలు చూపించాడు. అక్కడ డో ఖిన్ మ్యా అనే డెబ్బై దాటిన ఆవిడ, మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుని, ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తోంది. నేను బర్మాలో ఫిడేలాయన సంగతి మొదలుపెట్టాను. ఆవిడ తెలుగులో అందుకుంది.

"మా అయ్యే. ఏటి, ఆయన నీకేటైనా బాకీ పడ్డాడేటి? నువ్వు పప్పుల కొట్టోడి కొడుకువి కాదూ? మీ అయ్య తూకంలో సెయ్యేసేవోడు."

"అది ఎదర కొట్టాయన, పెద్దమ్మా. తెలుగు ఎక్కడ నేర్చుకున్నావు?"

"నేర్సుకోడానికేటుంది? మా ఆయన గంజామోడు. అహ్లోన్ మిల్లులో బస్తాలు మోసేవోడు. ఆడికి బర్మా రాదు, నాకు తెలుగు రాదు. దెబ్బలాడుకోడానికి ఒక బాస గావాల కదా. నాకే బేగి ఒచ్చింది."

తండ్రి మాటలు లేని సినిమాలకి తెర పక్కన ఫిడేలు వాయించేవాడట. బొమ్మకి మాటలొచ్చాక పెళ్ళి బ్యాండుల్లో వాయించాడు. నేను అసలు విషయానికి వచ్చాను. "నీకు అన్నదమ్ములెంతమంది?"

"ఒక అన్న. పెళ్ళి సేసుకోలేదు. పోయి శానా కాలమైంది."

ఆవిడ వెనక, కుట్టుమిషను దగ్గర, ఆవిడ కూతురు మ తాండా జాకెట్టు కుడుతోంది. నేను ఆమె వైపు చూశాను, ఆమె తల్లి వైపు చూశాను. నా నోటికి అడ్డు లేదు. "అయితే ఆ పేరు మీ అన్నతో ఆగిపోయిందన్నమాట," అన్నాను.

ఆవిడ చిలకరించడం ఆపింది. "అంతేనేమో," అంది. తర్వాత, "ఆకులు కొంటావా, ఎల్తావా?"

వెళ్ళాను. దారిలోనే కో థెయిన్‌కి ఫోన్ చేసి, వంశం అయిపోయిందని చెప్పాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఆ చోటు తీసుకునే కొత్తవాళ్ళకి రాయి కావాలంటే నా దుకాణానికి పంపమని కూడా చెప్పాను. తలల బేరంలో పోయింది కొంతైనా రాళ్ళలో రాబట్టుకోవద్దా?

రెండు రోజుల తర్వాత ఇనెస్ వచ్చింది. సున్నా అని చెప్పాను. కొడుకు పిల్లల్లేకుండా పోయాడన్నాను.

"కూతుళ్ళు లేరా?"

"ఒకామె ఉంది. పెళ్ళయింది. గంజాంవాళ్ళింటికి వెళ్ళింది."

"అయితే?"

"అయితే ఆ ఇంటిపేరు పోయింది కదా, మేడమ్."

"ఎక్కడికి పోయింది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆడిస్తున్న మోకాలు ఆగింది. "నాకూ పెళ్ళయింది, మిస్టర్ రాజు. నా మొగుడి పేరు మీకెప్పుడైనా చెప్పానా? మా దగ్గర ప్రతివాళ్ళకీ రెండు ఇంటిపేర్లు. తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. పెళ్ళి వాటి జోలికి రాదు. ఆమె పుట్టినప్పుడు ఇలార్సుబి. ఇప్పుడూ ఇలార్సుబి. ఆమె పిల్లలకి అది రెండో పేరు. మీరు ఆమెతో మాట్లాడి వచ్చి, ఎవరూ లేరని నాకు చెబుతున్నారా?"

లోపల కాగితాలు సర్దుతున్న నా భార్య పైడితల్లి వినేసింది. ఆమె బయటికొచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"అడుగుతున్నాను సెప్పు. నా పుట్టింటి పేరేటి?"

నేను పైకప్పు చూశాను. మ అక్షరంతో మొదలవుతుందని గుర్తుంది.

"పోలుపర్తి," అంది ఆమె. "ఇన్నేళ్ళు కాపురం సేసి, ఊళ్ళో పేర్లన్నీ సెక్కినావు."

కో థెయిన్‌కి నేనిచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేశాను, లైను కలవలేదు. మళ్ళీ చేశాను. టాక్సీ పట్టుకుని వెళ్ళేసరికి, పలక లేపి గోడకి ఆనించి ఉంది. కింద మట్టి మీద ముగ్గుతో హద్దు గీశారు.

"రేపు పొద్దున్న తవ్వుతారు," అన్నాడు కో థెయిన్. "ఒక మాస్టారి తల్లి చనిపోయింది. నీడ చూసి తీసుకున్నారు. మీరు చెప్పారనే కదా?"

"నేను చెప్పింది తప్పు. కూతురుంది."

"మీరు మొన్న ఒకటంటారు, ఇవాళ ఒకటంటారు. ఇక మీ మాట చాలదు. అయినవాళ్ళు స్వయంగా వచ్చి ఇది మాది అని చెప్పాలి. తవ్వడం మొదలుపెట్టక ముందే."

బజారుకి పరుగెత్తాను. ఇనెస్ నా వెనకే. డో ఖిన్ మ్యా నన్ను చూసి బుట్ట పక్కకి జరిపింది, నేను ఆకుల కోసం రాలేదని తెలిసి. చెప్పాను. మొత్తం చెప్పాను, రాళ్ళ ఆర్డరు సంగతి తప్ప. ఆవిడ కుట్టుమిషను వైపు తిరిగి కూతురికి బర్మాలో ఏదో అంది. మిషను ఆగిపోయింది.

"మొన్న నువ్వు ఆగిపోయిందనేసి ఎల్లిపోయినావు," అంది నాతో. "ఇంటికెళ్ళి అన్నం సయించక కూకున్నాను. ఆ పేరు ఆగిపోతే మరి నేనెవుల్ని? మా ఆయన్ని కాల్సేసి నదిలో కలిపేసినారు, ఆళ్ళ పద్దతి ఆళ్ళది. నాకు ఎల్లడానికి ఉన్నది మా అమ్మ పక్కనున్న ఆ సోటొక్కటే. అది కూడా నీ నోటితో అమ్మేసినావేటి, బాబూ?"

ఇనెస్‌కి తెలుగు రాదు గానీ, ఆవిడ ముందు నేల మీద గొంతుకూర్చుని, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఇలార్సుబి" అంది. తర్వాత చెయ్యి ఆవిడ వైపు చాపింది. ముసలావిడ ఆ కందిన ముఖాన్ని పరిశీలనగా చూసి నన్నడిగింది, "ఈ పిల్లకి ఎండ పడదు. మా అయ్యకీ పడేది కాదు. గొడుగిచ్చేరా ఎవులైనా?"

మర్నాడు పొద్దున్నే మొదటి వాన దిగింది. ఒకే టాక్సీలో పైడితల్లి, ఇనెస్, మధ్యలో డో ఖిన్ మ్యా, ముందు నేను. మ తాండా తల్లిని వాళ్ళ చేతుల్లో పెట్టి, వెనక బస్సులో వస్తానంది. పెట్రోలు బంకు వరస రోడ్డు మీదికొచ్చి దారి మూసేసింది. డ్రైవరు హారన్ కొట్టడం మానేశాడు, నేను అందుకున్నాను. ఆవిడ మాత్రం కదలకుండా కూర్చుని, తువ్వాలు అంచు మెలిపెడుతూ ఉంది. చేరేసరికి పారలు పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడ్డారు. మాస్టారు తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని వాళ్ళ పక్కనే ఉన్నాడు.

ముగ్గు వానకి కొట్టుకుపోతోంది. పైడితల్లీ ఇనెస్సూ చెరో పక్క పట్టుకుంటే ఆవిడ బురదలో నడిచి వచ్చి, ఆ ఖాళీ జాగా మీద నిలబడింది. కో థెయిన్ మర్యాదగానే అడిగాడు, "ఇక్కడున్నవాళ్ళకి మీరేమవుతారు, అమ్మా?"

"కూతుర్ని."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"ఇంకెందరు గావాలి?" అంది ఆవిడ. బర్మాలో అడిగినదానికి తెలుగులో చెప్పింది, కోపంలో భాష చూసుకోలేదు. ఎవరూ తర్జుమా చేయమని అడగలేదు.

మాస్టారు కాసేపు పలకకేసి, ఆవిడ మోకాళ్ళకేసి చూశాడు. సంచి తలమీంచి తీసి, పారలవాళ్ళని గోడ వారకి నడవమన్నాడు. అక్కడ నీడ లేదు. ఆయన తల్లికి నీడ పోగొట్టింది నేనని ఆయనకి తెలీదు. నేను వెనకే వెళ్ళి, మీ అమ్మగారి రాయి మీద అక్షరాలన్నీ నేను ఊరికే చెక్కిపెడతానన్నాను. ఎందుకని అడిగాడు. మా దుకాణం ఆనవాయితీ అన్నాను.

పలక తిరిగి నిలబెట్టించాక డో ఖిన్ మ్యా దాని మీద చెయ్యి వేసి, కింద మిగిలిన జాగా జానతో కొలిచింది.

"ఇక్కడ నా పేరు సెక్కు. ఇప్పుడే. నేను సూసుకోవాల. సచ్చేక నువ్వు మల్లా ఏటంటావో ఎవుడికి తెల్సు?"

బతికున్నవాళ్ళ పేరు చెక్కి, పోయిన తేదీకి చోటు వదలడాన్ని మేం బ్లాంక్ డేట్ అంటాం. ఏ పేరు వెయ్యమంటావని అడిగాను. చర్చిలో పెట్టింది రొసారియో అంది. ఇనెస్ లేఅవుట్ చెప్పింది: ముందు తన పేరు, తర్వాత తండ్రిది, తర్వాత తల్లిది. తల్లికి ఇంటిపేరెక్కడిదని నేను అడ్డుపడ్డాను. ఉన్న పేరే వెయ్యండి, ఆవిడకి అదే తల్లి పేరు అంది ఇనెస్. ఇక ధర దగ్గర ముసలావిడ నన్ను నిలబెట్టి తోలు తీసింది. అక్షరానికి ఇంత అన్నాను. "ముందు ఆగిపోయిందన్నావు. ఆగిపోయిన పేరుకి డబ్బులేటి?" అంది. నాలుగు మాటల్లో ఒక కట్ట తమలపాకులకి దిగొచ్చాను. ఆ కట్ట కూడా రెండుసార్లు అడిగితే ఇచ్చింది.

ప్రూఫ్ చదవడానికి ఆవిడకి ఇంగ్లీషు అక్షరాలు రావు. కరెంటు లేదు గనక మిషను సంగతి లేదు. వాన వెలిశాక, పెన్సిలు గీతల ముందు పీట వేసి కూర్చోబెట్టాం. ఇనెస్ ఆవిడ వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టి చదివింది. రొసారియో ఇలార్సుబి మ్యా తిన్. ఆవిడ మళ్ళీ చదవమంది. మూడోసారి తనే అంది, ఆగి ఆగి, ప్రతి ముక్కా నోట్లో తిప్పుకుంటూ. అప్పటికి బస్సు దిగి వచ్చిన మ తాండా వెనక నిలబడి, తల ఆడించింది.

ఉలితోనే చెక్కాను, వి-కట్‌లో. ఆవిడ తండ్రి పేరు అక్షరాలతో పోలిస్తే నావి కాస్త వంకరగా ఉంటాయి. ఎవరైనా చూసి చెప్పుకోవచ్చు.

ఆ తర్వాత నా పద్ధతిలో ఒక మార్పొచ్చింది. రాయికి ఆర్డరిచ్చేవాళ్ళని మునుపు, కొడుకులెంతమంది అని అడిగేవాణ్ణి, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకోవడానికి. ఇప్పుడు పిల్లలెవరెవరు అని అడిగి, పెళ్ళయినవాళ్ళ పేర్లు కూడా రాసుకుంటాను. దీనివల్ల అక్షరాలు పెరిగి నాకు లాభమే. మంచితనం అనుకునేరు.

ఇక బిల్లు. జమ: తలలు రెండు, తల్లి, కూతురు. మ తాండాకి ఆ పేరు రెండో చోట ఉంటుంది గనక సగం తలగా వెయ్యాలా అని ఇనెస్‌ని అడిగాను. నిండు తలే అని పూర్తిగా ఇచ్చింది. ఖర్చు: టాక్సీలు, పలక ఎత్తి దించిన కూలీ, మాస్టారి తల్లి రాయి మీద అక్షరాలు, మూతపడిన రోజుల్లో దుకాణానికి పోయిన గిరాకీ. పలక కూలీ తను పెట్టుకుంటానని ఇనెస్ అంది. తీసుకోలేదు, పలక లేచింది నా మాట మీద. తమలపాకుల కట్ట జమలో వేశాను. అన్నీ కూడి, తీసివేసి చూస్తే, ఆ నెల దుకాణం అద్దెలో సగం నా చేతినుంచి పడింది. రోజుకూలీకి ఒప్పుకుని ఉంటే ఆ అద్దె మొత్తం వచ్చేది. పైడితల్లి కాగితం లాక్కుని మళ్ళీ కూడింది. నేను రాసిందే సరి. నష్టమే.